తాత ఆరబెట్టిన తాటి చెక్కలు

మొన్నటి వానకు, మడికొండలో మా పక్కన కడుతున్న ఇంటి సెంట్రింగు చెక్కలు నాని, పులిసిన గంజిలాంటి వాసన మా వరండా దాకా వచ్చింది. మా ఆయన ముక్కు మూసుకున్నాడు. నాకు మాత్రం హసన్‌పర్తి అవతల మా ఊళ్లో, కుంటలోంచి తాటి మొద్దులు పైకి తీసిన రోజు గుర్తొచ్చింది.

మా తాత హుస్సేన్ చెక్క మీద పూలూ చిలుకలూ చెక్కేవాడు. నాకు ఎనిమిదేళ్లప్పుడు అమ్మ కడుపుతో ఉందని తెలిసి, పుట్టబోయే బిడ్డకు తొట్టెల చేస్తానన్నాడు. పక్కింటి మల్లయ్య పొలంలో పిడుగు పడి మొవ్వు మాడిన ముసలి తాడిచెట్టును అడిగి కొట్టించి, మొద్దులుగా కోయించి, పురుగు పట్టకుండా కుంటలో బండలు పెట్టి ముంచాడు. బతుకమ్మ పండుగ పోయాక కొన్నిటిని తీసి, నిలువునా చీల్చి, లోపలి మెత్తటి పీచంతా గీకేస్తే నలుపూ పసుపూ చారలతో గట్టి చేవ మిగిలింది. కొసలు ముందే ఆరి పగలకుండా పేడా మట్టీ కలిపి మెత్తి, గాలి ఆడేలా సందులు విడిచి కొట్టం నీడలో పేర్చాడు. బడి నుంచి రాగానే, ఒక చేత్తో సకినం కొరుకుతూ, వాటిని అటూ ఇటూ తిప్పడం నా పని. తొట్టెలకు కాళ్లుగా నిలిపే కోళ్లకని ఏరిన నాలుగు మందపాటి చెక్కలను తాత వేలితో తట్టి విని, "ఇంక పచ్చిగనే ఉన్నయ్ బిడ్డా" అనేవాడు.

మిరపకాయలు ఎండబోసే రోజులొచ్చాయి. అమ్మకు నెలలు నిండుతున్నా చెక్కలు ఆరలేదు. పాపాయి వచ్చి నేల మీద పడుకోవాల్సి వస్తుందని నాకు ఒకటే బెంగ. తాత వరంగల్ పోయిన ఒకరోజు, అమ్మ లోపల కునుకు తీస్తున్నప్పుడు, ఆ నాలుగింటినీ ఈడ్చుకెళ్లి మిట్టమధ్యాహ్నపు ఎండలో పెట్టాను. పొద్దు వాలేలోగా ఒక్కొక్కటే ఫట్టుమని నిలువునా పగిలాయి.

తాత వచ్చి పగుళ్ల వెంట వేలు పోనిచ్చాడు. గాదె వెనక దాక్కున్న నన్ను బయటికి పిలిచాడు.

"ఎందుకు పెట్టినవ్ బిడ్డా?"

"జల్దీ ఆరుతయని, తాతా."

తాత భుజం మీది తువ్వాలతో నా ముఖం తుడిచాడు. అంతలో మల్లయ్య వచ్చాడు.

"ఏంది మామా, గివి గిట్ల పలిగినయ్?"

"నేనే ఎండల పెట్టిన. మతి తప్పిన."

"ఇన్నేండ్ల పనోనివి, గీ మాత్రం తెల్వదా!"

ఆ మాట ఊరంతా పాకింది. చాలా రోజులు కనిపించిన వాళ్లల్లా తాతను ఆటపట్టించారు. ఆయనా వాళ్లతో కలిసి నవ్వాడు. నేను మాత్రం నోరు విప్పలేదు.

చెల్లి అమ్మ పాత చీర ఉయ్యాలలో పెరిగింది. కుంటలో మిగిలిన మొద్దుతో తాత మళ్లీ మొదలుపెట్టాడు. ఒక్కో కోడు మీద ఒక్కో చిలుకతో తొట్టెల తయారయ్యేసరికి చెల్లి నడుస్తోంది. అందులో మొదట పడుకున్నది మల్లయ్య మనవడు. ఆ తరవాత ఎవరింట బిడ్డ పుడితే వాళ్లింటికి వెళ్లింది.

ఇప్పుడు తాత లేడు. కుంట పూడి ప్లాట్లయింది, తాటిచెట్లు కొట్టేశారు, తొట్టెల చివరికి ఎవరింట ఆగిందో ఊళ్లో ఎవరికీ తెలియదు. పోయిన నెల చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చున్న అమ్మతో ఇన్నేళ్లకు చెప్పాను, ఆ చెక్కలు ఎండలో పెట్టింది నేనేనని.

అమ్మ తలెత్తకుండానే అంది: "నాకెర్కనే. మీ తాత ఆ పొద్దే చెప్పిండు. పోరి బుగులు పడి గాదెనుక దాక్కున్నది, ఎన్నడు అడగకు అన్నడు."