ఆర్విడ్ గారి ఖాళీ వారం

అదేనండీ, మొన్న చెప్తూ చెప్తూ ఆగిపోయానే, మన డలూత్ లైబ్రరీలో రోజూ కిటికీ పక్కన కూర్చునే ఆర్విడ్ గారి సంగతి! కూలగొట్టేసిన ఆర్కేడియా హాలుకి, అదే పాలరాతి మెట్ల హాలుకి, ఏ వారం ఏ సినిమా వచ్చిందో పాత పేపర్లలో ప్రకటనలు చూసి ఒక్కో అట్టముక్క మీద రాస్తారాయన. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు కాగితానికి ఆనించి చదువుతారు. ముప్పై ఏళ్ల సినిమాలూ రాసేశారు, ఒక్క వారం తప్ప. ఆ వారం పేపరువాళ్ల సమ్మె. జాబితా ఏమో శుక్రవారం అచ్చుకెళ్లాలి.

"ఏదో ఒకటి రాసెయ్యి తాతా, ఎవరడుగుతారు?" అంది లైబ్రరీలో పనిచేసే నోరా.

"తప్పు రాయనమ్మా. ఆ వారం మా సిగ్నేతో మొదటిసారి సినిమాకెళ్లాను."

"వెళ్లావుగా, మరింకేం!"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "తెర వైపు చూస్తేగా!"

నోరా పకపకా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆయన భార్య సిగ్నే పోయి ఆరేళ్లయింది. "అన్నీ దొరికాయి, నాక్కావలసిందే దొరకలేదు" అంటూ తేదీ మాత్రం వేసి, ఆ అట్టముక్కని ఖాళీగానే పెట్టెలో పెట్టేశారు.

ఆవేళ వాళ్లకి కాపలాగా సిగ్నే చెల్లెలు ఇంగాని కూడా పంపారట. కాపలా ఉండగా వీళ్లు చేతులు పట్టుకుని కూర్చోగలిగారంటే, ఆ పిల్ల కళ్లు తెర మీదే ఉండుంటాయి. రేపు పొద్దున్నే ఇంగాకి ఫోన్ చేస్తాను.