కపిలిబావిలో నా చదువు

పోయిన వారం మా మనవరాలు మురుడేశ్వరం సముద్రం నుంచి వచ్చి నా ముందర ఒక కార్డు పెట్టింది. మా జిల్లాలోని నరసాపురం ఫ్యాక్టరీలో పనిచేసే పిల్ల, సెలవులన్నీ కూడబెట్టుకుని పోయి, వీపుకు గాలి సిలిండరు కట్టుకుని సముద్రం అడుగుకు దిగే విద్య నేర్చుకుంటా ఉంది. మొదట ఈతకొలనులో నేర్పినారంట, ఆ తర్వాత సముద్రంలో నాలుగు మునకలు వేయించి పద్దెనిమిది మీటర్ల లోతుకు పోవచ్చునని ఒక కార్డు ఇచ్చినారంట, ఇప్పుడు తెచ్చింది ముప్పై మీటర్లకు పోయే రెండోది. దాని పైన మునిగేవాళ్ళను కాపాడే మెట్టు ఇంకొకటి ఉందంట. "ఊపిరికి కూడా డబ్బు కట్టి వచ్చినావా?" అని గదిమినాను. గదమడం నాకు అలవాటు. "నీకు నీళ్ళంటే భయం అవ్వా, అందుకే తిడతా ఉండావు" అని నవ్వింది.

ఆ మాటకు నాకు రోషం పొడుచుకొచ్చింది. మూడో తరగతితో బడి మానేసినదాన్నే, కానీ నీళ్ళలో నేను తప్పిన తరగతి లేదు. ఈ ఆండర్సన్‌పేటకు కాపురానికి వచ్చినాక ఆ సంగతి చెప్పుకునే పని పడలేదు. నా ఈడువాళ్ళు మీరు, మీకైతే ఇట్టే అర్థమవుతుంది కాబట్టి చెప్తాను.

మాది శ్రీనివాసపురం పక్కన పల్లె. మామిడి చెట్ల నడుమ రాతికట్టు బావి మాది, ఎద్దులతో కపిలి తోలి నీళ్ళు తోడే కాలం పోయి కరెంటు మోటారు వచ్చినా కపిలిబావి అనే పేరు మాత్రం పోలేదు. నాయన తమ్ముడు, మా చిన్నాయన, అందులో మాకు ఈత నేర్పినాడు. ఆయన దగ్గర తొందర సాగదు. మొదట నడుముకు ఎండిన సొరబుర్ర కట్టి తాడు పట్టుకుని దించేవాడు, కాళ్ళు సక్రమంగా ఆడేదాకా బుర్ర విప్పేది లేదు. బుర్ర విప్పినాక గోడ ముట్టుకోకుండా బావిని చుట్టి రావాల. ఆ పైన గట్టు మీది కపిలిబండ నుంచి దూకాల, బండ అంచున నిలబడి ఏడ్చినవాళ్ళను తిట్టడు, తోయడు, రేపు రమ్మంటాడు, అంతే. ఆఖరుది అడుగు మన్ను తెచ్చేది. గుప్పిట్లో తెచ్చిన మన్ను ఆయన ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. గోడ సందుల్లో గీరుకొచ్చి అడుగుదని చూపించే దొంగలు మాలో ఉన్నారు మరి. అడుగు మన్ను నల్లగా, కుళ్ళిన ఆకుల కంపు కొడుతుంది. నా గుప్పిటి మన్ను చూసి ఆయన "ఇది అడుగుదే" అన్న రోజున నేను తినిన రాగిముద్ద రుచి మళ్ళీ ఏ పూటా తగల్లేదు.

మనవరాలికి సముద్రంలో ఊపిరి బిగబట్టకూడదనేది మొదటి పాఠమంట, మాకు బిగబట్టడమే చదువు. చెవులు నొప్పెడితే ముక్కు మూసి లోపల్నుంచి ఊదమని మాత్రం దానికీ నేర్పినారు, చిన్నాయన నాకూ నేర్పినాడు.

ఇంగ అసలు సంగతికి వస్తాను. నేను అడుగు మన్ను తెచ్చిన యేడే, ఒకరోజు పొద్దున్నే రాగినారు నాటినారు. నాటినరోజు తడి అందకపోతే నారు తల వేలాడేస్తుంది, సాయంత్రానికి ఇంగ లేవదు. సగం మడి పారినాక మోటారు తిరుగుతానే ఉంది, నీళ్ళు మాత్రం ఆగిపోయినాయి. నీళ్ళలో మునిగి ఉండే పైపు కొసన నీళ్ళు పీల్చే ఫుట్‌వాల్వు ఉంటుంది, దానికేదో చుట్టుకుంది. మునిగి తీసేది ఎప్పుడూ చిన్నాయనే. ఆయనేమో కాలిలో తుమ్మముల్లు దిగి, కట్టు కట్టుకుని గట్టు మీద కూర్చోనుండాడు.

నేను దిగుతానంటే నాయన కస్సుమన్నాడు.

"ఆడబిడ్డ ఫుట్‌వాల్వుకు దిగేది యాడైనా చూసినావా? ఊరు నవ్వతాది."

"ఊరు నవ్వితే నారు లేస్తాదా అన్నా? అడుగు మన్ను తెచ్చింది అది. నేను వాసన చూసినాను" అన్నాడు చిన్నాయన.

నాయన మడి వైపు చూసినాడు. నాటిన నారు అప్పటికే ఎండకు వాడుతా ఉంది. ఆయన పోయి, ఎవరూ స్విచ్చి వేయకుండా మోటారు ఫీజులు పీకి రెండు చేతుల్లో పట్టుకున్నాడు, నేను పైకి వచ్చేదాకా ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు. చిన్నాయన నా నడుముకు తాడు కట్టి, రెండుసార్లు గుంజితే లాగుతానని చెప్పినాడు.

లంగా గోచీగా బిగించి దూకినాను. పైపు పట్టుకుని చేయి మీద చేయి వేసుకుంటా దిగితే ముందు పచ్చగా, ఆపైన చీకటిగా, చల్లగా అయిపోయింది. నాయన చూస్తా ఉన్నాడనే తొందరలో చెవులు ఊదడం మరిచినాను. పోటు తాళలేక ఉత్త చేతులతో తేలినాను. "చాలు, ఎక్కి రామ్మా" అన్నాడు నాయన. చిన్నాయన మాత్రం "ఏం మరిచినావు?" అని అడిగినాడు. ముక్కు మూసి చూపించి మళ్ళీ మునిగినాను. ఈసారి వాల్వు చేతికి తగిలింది, దాని చుట్టూ చినిగిన గోతం గుడ్డ. ఒక కొస ఊడదీసేసరికి ఊపిరి అయిపోయింది. మూడో మునకలో కాళ్ళు అడుగు బండకు తన్నిపెట్టి గుంజితే గుడ్డంతా ఒక్కసారిగా వచ్చేసింది, దాన్ని పండ్ల మధ్య కరుచుకుని పైకి వచ్చినాను.

కాలవలో నీళ్ళు పడినాక నాయన భుజం మీది తువ్వాలు తీసి నా తల తుడిచినాడు. మరుసటి నెల పక్కతోటవాళ్ళు చిన్నాయనను పిలవడానికి వస్తే, ఇంట్లో నుంచి నాయన గొంతు వినిపించింది, "వాడెందుకు, మా పాప దిగతాది, పిల్చుకోని పోండి" అని. నాకు ఎవరూ కార్డు ఇయ్యలేదు, ఆ మాటే ఇచ్చినారు. పెండ్లి అయ్యేదాకా చుట్టుపక్కల ఏ బావిలో వాల్వు పట్టుకున్నా నాకే కబురు వచ్చేది, ఊరు నవ్వనూ లేదు.

ఇదంతా మనవరాలికి చెప్పి, మునిగేవాళ్ళను కాపాడే ఆ మూడో మెట్టు కూడా పూర్తి చేసి రమ్మని, మధ్యలో వదిలిపెడితే ఇంట్లోకి రానీయనని చెప్పినాను.

మొన్న ఎండాకాలం మా పల్లెలో తమ్ముడింటికి పోయినప్పుడు ఆ బావి చూసినాను. బోర్లు ఎంత లోతుకు దించినా నీళ్ళు అందని కాలం, ఇంగ బావిలో యాడుంటాయి? అక్కడి పిల్లలకు ఈతే రాదు. మెట్లన్నీ బయటపడి, అడుగున కంపచెట్టు మొలిచింది. నేను కాళ్ళు తన్నిపెట్టిన బండ ఏదో, పైపు దిగిన చోటును బట్టి పైనుంచే గుర్తుపట్టినాను, కండ్లతో దాన్ని చూడడం అదే మొదటిసారి. చిన్నాయనకూ నాకూ చేతులతో, కాళ్ళతో మాత్రమే తెలిసిన చోటు, పోయేవాళ్ళు వచ్చేవాళ్ళు అందరూ చూసేటట్టు ఎండలో పడి ఉంది. నాకు అక్కడ నిలబడ బుద్ధి కాలేదు.