వెలిగేటివారి ఇంట కాకి ముట్టని విస్తరి

మంచాన పడ్డ మా నాన్న సూర్యం అడిగింది ఒక్కటే. "నా చెల్లెలు సత్తెమ్మ ఉందో పోయిందో చూసిరారా." ఇరవయ్యేళ్ల వయసులో తండ్రితో తగువుపడి, కోనసీమలోని సొంతూరు వదిలి తుని చేరిన మనిషి మళ్లీ ఆ ఊరి మొహం చూడలేదు. మా కాగితాల్లో ఇంటిపేరు వెలిగేటి. ఆ ఊరి ఓటర్ల జాబితా సంపాదిస్తే వెలిగేటివారు ఒక్కరూ లేరు; ఎలిగేటి, యలగేటి ఉన్నారు. ఇక 2004లో నేనే బయల్దేరాను.

తునిలో ఉదయం ఆరింటి పాసింజరు ఎక్కితే తొమ్మిదికి రాజమండ్రి. అక్కడినుంచి ధవళేశ్వరం మీదుగా రావులపాలెం బస్సు, గంట పైనే. ఆపైన కాలవగట్టు వెంట ఆటో, మనిషికి పది రూపాయలు.

"మూడూ ఒకటే వంశమండి బాబూ. ఒక్కో కరణం ఒక్కోలా రాశాడంతే," ఇంటిపేర్ల సంగతి అడిగితే అన్నాడు డ్రైవరు. "అమావాస్య పూట వచ్చారేంటండీ?"

"దెయ్యాలకి సెలవుండదుగా," అన్నాను. అతను నవ్వలేదు.

సత్తెమ్మగారి మొగుడు ఇల్లరికం వచ్చాడని, ఆవిడ పుట్టింట్లోనే ఉందని అతనే చెప్పి దారి చూపించాడు. పన్నెండున్నరకు యలగేటివారి పెరటి గుమ్మంలో నిలబడ్డాను. గోడ మీద అరిటాకులో అన్నం, గారెలు. అరుగు మీద కళ్లకు శుక్లాలు కమ్మిన ముసలమ్మ. "ఎవరది?" అంది. నాది అచ్చం నాన్న గొంతంటారు. నా నోరు ఊరుకుంటుందా?

"నేనే సత్తెమ్మా, సూర్యాన్ని."

ఆమె ఉలిక్కిపడలేదు. నాకు భయమేసింది అందుకే.

"వచ్చావా అన్నయ్యా. పన్నెండేళ్లు చూసి, నువ్వు పోయావని దర్భబొమ్మకి నిప్పు పెట్టించారు నాన్న. అప్పట్నుంచి ఏటా ఈ పెద్దల అమావాస్యకి నీకు విస్తరి వేస్తన్నాను. ఒక్క కాకీ ముట్టలేదు. ఇంకా కోపమేనా?"

నాన్న బతికే ఉన్నారని చెప్పబోయాను. గోడ మీద రెక్కల చప్పుడు. కాకి గారె తన్నుకుపోయింది. వెనకే ఇంకోటి.

"ముట్టిందండీ అత్తయ్యా!" అని లోపల్నుంచి వచ్చిన ఆమె కోడలు చేతులు జోడించింది.

బతికున్నవాడి విస్తరి కాకి ముట్టదంటారు. మరి ఇప్పుడు? ఎస్టీడీ బూత్‌కి పరుగెత్తాను. ఇంట్లో ఫోను మా ఆవిడ తీసింది. "మావయ్యగారా? బాగానే ఉన్నారు. అన్నం కలిపి తెస్తే వద్దంటున్నారు. కడుపు నిండిపోయిందట."

వెనక్కెళ్లి నిజం చెప్పాను. మర్నాడు అత్తయ్యను తుని తీసుకొచ్చాను. ఆమె ముందు నాన్న వేళ్లు తడిమి చూసింది, వెచ్చగా ఉన్నాయో లేదోనని.

జీవితంలో ఎందరినో ఆటపట్టించాను. ఆ మధ్యాహ్నం నన్ను ఆటపట్టించింది ఎవరో ఇప్పటికీ తెలియదు. మీరూ మీవాళ్లను వెతుక్కుంటూ వెళితే, ఇంటిపేరు ఎన్ని రకాలుగా రాస్తారో అన్నీ చీటీ మీద రాసుకెళ్లండి. గుమ్మంలో మాత్రం మీ సొంత పేరే చెప్పండి.