కారుకు తాలింపు

ఆ రోజుల్లో కారన్నాక తాళం తిప్పగానే ఏదో ఒకటి మాట్లాడాలి. చప్పుడు లేకుండా స్టార్టయితే మాకే కంగారు పుట్టేది. మా పెదనాయన కారు ఇల్లెందులో మా వాకిట్లో స్టార్టయితే పక్క బజారు వాళ్లకు కూడా తెలిసేది. బొగ్గుగనిలో రిటైరయ్యాక ఆయన ముచ్చటపడి కొన్న సెకండ్ హ్యాండ్ తెల్లకారు అది. ఆయనకు డ్రైవింగ్ రాదు, నాకు వచ్చు (అని నేను అనుకునేవాణ్ని). పైగా చప్పుడు విని కారు జబ్బు చెప్పే విద్య కూడా నాకు అబ్బిందని నా గట్టి నమ్మకం. కీచుమంటే బెల్టు వదులు, టిక్కుటిక్కుమంటే బ్యాటరీ, గర్రుమంటే స్టార్టరు పళ్లు. స్క్రూడ్రైవరు మొన ఇంజిన్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాణ్ని. (కళ్లు ఎందుకు మూసుకోవాలో నాకూ తెలియదు. చూసేవాళ్లకు గురి కుదిరేది.)

అలాంటి నాకు పెళ్లిచూపులు వచ్చాయి. పిల్లది బూర్గంపాడు దగ్గర ఊరు. ఫొటో చూసిన నాటి నుంచి నాకు అన్నం సయించలేదు. ఈ సంబంధం తప్పిపోతే ఏమైపోతానో అన్నంతగా మనసు పడ్డాను. కానీ వాళ్ల నాన్న మహా పట్టింపు మనిషట. పాత ట్రాక్టర్‌ను కొత్తదానిలా ఉంచుకుంటాడట. "బండిని మంచిగ చూస్కోనోడు పెండ్లాన్ని ఏం చూస్కుంటడు" అంటాడట. సంబంధం తెచ్చినాయన ఈ ముక్క ముందే మా చెవిన వేశాడు. అందుకని ముందురోజంతా కారు తోమాను, బెల్టు బిగించాను. అమ్మ నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు, నల్ల జీడిగింజ దారానికి గుచ్చి దిష్టికి కారు ముందు కడతానని వస్తే కసిరాను.

"ముంగట నిమ్మకాయ ఊగుతుంటే బొగ్గులారీ అనుకుంటరమ్మా, వద్దు."

"సరే తియ్ బిడ్డా" అంది అమ్మ. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

తెల్లారి అమ్మా, పెదనాయనా వెనక కూర్చున్నాక తాళం తిప్పాను. టపటపటప! లోపల ఎవరో గోడకు పిడకలు కొడుతున్నట్టుంది. కాసేపటికి చప్పుడు దానంతట అదే ఆగిపోయింది.

"ఏందిరా అది?" అన్నాడు పెదనాయన.

"స్టార్టరు" అన్నాను గంభీరంగా. బానెట్ తీద్దామని దిగబోతే అమ్మ భుజం పట్టి ఆపేసింది. "తెల్లంగి మీద మసి పడితే ఏం మొకం పెట్టుకొని పోతవ్? నడువ్, జల్దీ పోవాలె."

పాల్వంచలో చాయ్ తాగి మళ్లీ తాళం తిప్పితే మళ్లీ టపటప. "గనిల మా ఇంజిన్ గిట్లనే కొట్టుకునేది. ఇది సైలెన్సర్ లూజు" అని పెదనాయన తేల్చేశాడు. స్టార్టరని నేను, సైలెన్సరని ఆయన అడవి దాకా వాదించుకున్నాం. అక్కడ ఆయన వాదన ఆపి గాలి పీల్చాడు. "ఎవరో మిర్చిబజ్జీలు ఏస్తున్నరురా." రెండు పక్కలా టేకుచెట్లు తప్ప ఒక్క ఇల్లు లేదు. అమ్మ పొలమారినట్టు దగ్గి, కిటికీలోంచి చెట్లను మహా శ్రద్ధగా చూడసాగింది. ఎప్పుడూ మాకు మాట అందనివ్వని మనిషి ఆ దారిపొడుగునా నోరు మెదపలేదు.

వాళ్లింట్లో అంతా సవ్యంగానే నడిచింది. పిల్ల ఫొటో కన్నా బాగుంది. (నేను ఫొటో కన్నా బాగోలేనేమోనని భయపడ్డాను.) సాగనంపడానికి అందరూ వాకిట్లోకి వచ్చారు. వాళ్ల నాన్న కారు చుట్టూ తిరిగి, "బండి మంచిగనే ఉంచిండ్రు" అన్నాడు. అంతటితో ఊరుకుంటే పోయేది. "మావోడు చెవి పెట్టి ఇంటే చాలు, రోగం చెప్పేస్తడు" అన్నాడు పెదనాయన. ఇక తప్పక తాళం తిప్పాను.

టపటపటప!

"చెప్పు బాబూ, ఏంది రోగం?" అన్నాడు వాళ్ల నాన్న.

"స్టార్టరు పళ్లు అరిగినయండి."

"బంద్ చెయ్యి. తెరువు, చూద్దాం."

"వద్దన్నా, ఇంజిన్ కాలుతాంది" అని అమ్మ అడ్డం పడేలోపే ఆయన బానెట్ ఎత్తేశాడు. గుప్పుమని ఘాటు కొట్టింది. ఒకరి తర్వాత ఒకరం తుమ్మడం మొదలుపెట్టాం. ఫ్యాను పక్కన దారానికి సగం నిమ్మకాయ వేలాడుతోంది. మిరపకాయలు నుగ్గునుగ్గయి ఇంజిన్ మీద వేగి అంటుకుపోయాయి. ముందు కట్టనివ్వలేదని అమ్మ పొద్దున్నే లోపల కట్టిందన్నమాట. తాళం తిప్పినప్పుడల్లా రెక్కలు దాన్ని వాయించాయి. ఫ్యాను వేగం అందుకున్నాక ఆ గాలికి దారం తొలగిపోయి చప్పుడు ఆగింది.

"కారుకు తాలింపు పెట్టిండ్రా ఏంది?" గడప దగ్గర నుంచి పిల్ల పకపకా నవ్వింది. వాళ్ల నాన్న మాత్రం నవ్వలేదు.

అమ్మ ముఖం చిన్నబోయింది. "నేనే కట్టిన అన్నా. పిలగానికి ఎవరి కన్ను తగలొద్దని కట్టిన. వాడు మంచోడు. నా తెలివితక్కువకు వాన్ని కాదనకుండ్రి" అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు సంబంధం పోయిందన్న దిగులు కన్నా అమ్మనలా చూడటమే ఎక్కువ బాధేసింది.

పిల్ల నవ్వు ఆగిపోయింది. గబగబా లోపలికి వెళ్లి, ఒక నిమ్మకాయ, నాలుగు మిరపకాయలు దారానికి గుచ్చుకుని వచ్చింది. అందరూ చూస్తుండగా కారు ముందు వంగి, నంబరు ప్లేటు పక్కన గట్టిగా ముడేసింది.

"లోపల కడితే రెక్క తగుల్తది అత్తమ్మా. గిక్కడ కట్టాలె" అంది.

అత్తమ్మా అన్న మాటకు అందరూ పిల్ల వైపు తిరిగారు. వాళ్ల నాన్న కూతురి వంక చూశాడు, తుమ్మాడు, మళ్లీ చూశాడు. "ఇంక మాట్లాడేదేముంది? లోపలికి రాండ్రి, అన్నం తిని పోదురు" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో పాల్వంచ దాకా నేను సెకండ్ గేర్లోనే నడిపానట. ఇంజిన్ గగ్గోలు పెడుతుంటే, గేరు మార్చరా అని పెదనాయన వెనక నుంచి అరుస్తూనే ఉన్నాడట. నాకు ఒక్క ముక్క వినిపిస్తే ఒట్టు. అంత హోరులోనూ ఒకే ఒక్క పిలుపు విని మురిసిపోతూ కారు నడిపిన ఆ కుర్రాణ్ని తలుచుకుంటే, ఈ వయసులో నాకు నవ్వూ వస్తుంది, కాస్త అసూయా కలుగుతుంది.