దుర్గా, అన్నం చల్లారిపోతోంది

వెంకటదుర్గ నోట్లో నాలుక లేని పిల్ల. తణుకు జూనియర్ కాలేజీలో హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్ మేడమ్" అని ఆమె అనేది పక్కపిల్లకే వినపడదు, ఇక మేడమ్‌కేం వినపడుతుంది? రోజూ కాలేజీకి వెళ్తున్నా, మీ అమ్మాయి రాలేదంటూ తండ్రి ఫోనుకు మెసేజీలు వస్తూనే ఉండేవి.

తండ్రి బుల్లబ్బాయి ఆటోలో ఎండుచేపలు అమ్ముతాడు. పాతికేళ్లు వీధివీధినా అరిచి అరిచి గొంతు పాడుచేసుకున్నాడు. ఆపరేషన్ చేసిన డాక్టరు మూడు నెలలు నోరు విప్పొద్దన్నాడు, విప్పితే ఇక మాటే రాదన్నాడు.

"నువ్వు ఫోన్లో రికార్డు చేసిపెట్టవే, ఆటోకి స్పీకరు కడితే అదే అరుస్తాది" అంది తల్లి సూర్యకళ.

దుర్గ గది తలుపేసుకుని, దుప్పటి ముసుగేసుకుని, "ఎండు నెత్తళ్లండీ, ఎండు రొయ్యలండీ" అని చెప్పింది. ఆపేలోగా వంటింట్లోంచి తల్లి కేక పెట్టింది: "ఒసే దుర్గా! అన్నం చల్లారిపోతందే!" అదీ రికార్డయింది. రెండోసారి చెప్పడానికి పిల్లకు ధైర్యం చాలలేదు.

ఆ కేకే బేరాలు తెచ్చింది. "దుర్గ అన్నం బండొచ్చింది" అంటూ ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని వచ్చేవారు. కాలేజీలో కుర్రాళ్లు కూడా ఆ కేకే వేసుకుని నవ్వుకునేవారు. ఆ దుర్గ తనేనని తెలిస్తే ఇంకేమైనా ఉందా! పాపం, దుర్గ ఊళ్లో దేవుళ్లందరికీ మొక్కుకుంది.

ఒక ఆదివారం మొహానికి చున్నీ చుట్టుకుని తండ్రికి సాయంగా ఆటో ఎక్కింది. సరిగ్గా వీధి మధ్యలో స్పీకరు మూగబోయింది. బుల్లబ్బాయి అలవాటుకొద్దీ గొంతు సవరించుకున్నాడు.

"నాన్నా, నువ్వు నోరెత్తకు!" అంది దుర్గ. తనే అరిచింది: "ఎండు నెత్తళ్లండీ!"

ఒక్క తలుపూ తెరుచుకోలేదు. అరుగు మీది మామ్మగారు అనుమానంగా చూసింది.

"బండి అదేలాగుంది. మరి దుర్గని అన్నానికి పిలవలేదేంటమ్మా?"

బుల్లబ్బాయి మళ్లీ నోరు తెరవబోయాడు. సిగ్గు పోతే పోయింది, నాన్న గొంతు పోతే మళ్లీ వస్తుందా? దుర్గ చున్నీ లాగేసి, అచ్చం తల్లిలాగే కేక పెట్టింది.

"ఒసే దుర్గా! అన్నం చల్లారిపోతందే!"

గిన్నెలతో వీధి వీధంతా బయటికొచ్చింది.

"ఇంతకీ ఆ దుర్గెవరే?" అంది మామ్మగారు.

"నేనేనండీ!"

ఆ మాట వీధి చివరిదాకా వినపడింది. మూడో ఇంట్లోంచి గిన్నెతో వచ్చిన జానకీదేవి గారు గుమ్మంలోనే ఆగిపోయారు. కాలేజీలో హాజరు వేసే మేడమ్ ఆవిడే.

"వెంకటదుర్గవి నువ్వా? అయితే రోజూ క్లాసుకి వస్తూనే ఉన్నావన్నమాట!"

"వస్తున్నానండి" అంది దుర్గ తక్కెడ అందుకుంటూ. "మీకు నెత్తళ్లా, రొయ్యలా మేడమ్?"