శ్రీలత వాళ్ల బాపు నడక

ఆరేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. రోజులు గడిస్తే బరువు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

మాది కోరుట్ల. డిప్లొమా అయ్యాక సిరిసిల్లలో గది తీసుకుని, చేత్తో గీసిన బొమ్మలను కదిలించే పని ఒక సార్ దగ్గర నేర్చుకున్నాను. నడకకు ముందు ముఖ్యమైన బొమ్మలు గీయాలి: మడమ తాకడం, బరువు దిగడం, కాలు దాటడం, ఒళ్లు లేవడం. తర్వాత వాటి మధ్య బొమ్మలు నింపాలి. అన్నీ కంఠతా వచ్చు. ఏ బొమ్మ ఎంతసేపు నిలవాలో పట్టిక కూడా రాసేవాణ్ని. అయినా నా బొమ్మల్లో మనిషి నడిచేవాడు కాదు. “స్కేలు మింగిండా అన్నా?” అని నవ్వేది, నాతో నేర్చుకునే శ్రీలత.

ఆమె తను బాపు అని పిలిచే నాన్న నడక గీసింది. మరమగ్గాల మధ్య ఇరుకు సందుల్లో బతుకంతా తిరిగిన మనిషి. ఖాళీ రోడ్డు మీద కూడా ఒక భుజం ముందుకు పెట్టి, పక్కకు ఒదిగి నడిచేవాడు. ఎనిమిది బొమ్మల్లో ఆయన అచ్చంగా ఉన్నాడు. మధ్యవి నింపమని నాకిచ్చింది.

అప్పుడే సార్, హైదరాబాద్ స్టూడియోకు ఒక్కరినే పంపుతానన్నారు. కింద దీపం వెలిగే గాజుపలక మీద ఆమె బొమ్మలను నా కాగితాల్లోకి దించుకున్నాను. మధ్యవి నింపి, పట్టిక జతచేసి సార్‌కు ఇచ్చాను. నింపడం కాలేదని చెప్పి ఆమెవి ఆమెకిచ్చేశాను.

ఆమె కూడా తనవి సార్‌కు ఇచ్చింది. సార్ రెండూ పక్కపక్కన పెట్టి శ్రీలతను అడిగారు.

“ఇవి సూసి దించినవా బిడ్డా?”

“మా బాపు నడక సార్ అది! నేను గాక ఎవలు గీస్తరు? చెప్పన్నా, నీకు నేనే ఇచ్చిన గదా.”

“నాకేం ఇయ్యలే సార్,” అన్నాను.

సార్ నా పట్టిక చూసి నన్నే నమ్మారు, హైదరాబాద్ పంపారు. శ్రీలత మళ్లీ రాలేదు. ఇప్పుడు బట్టలు కుడుతోందట.

ఎందుకు చేశాను? భయం అని రాసుకుంటే తేలిక. భయం కాదు. ఆమెకంటే ఎక్కువ చదివాను కాబట్టి ఆ చోటు నాకే రావాలనుకున్నాను.

సోమవారానికల్లా స్టూడియోకు ఒక ముసలాయన నడక ఇవ్వాలి. పదకొండుసార్లు గీసి చింపాను. నిన్న శ్రీలత నంబరు సంపాదించాను. క్షమాపణ అడగడానికి కాదు. ఎలా గీయాలో అడగడానికి. ఇంతకంటే దిగజారగలనా?

ఫోన్ చేయలేదు. ఇది రాశాను. ఆ నడక ఆమెది. నేను దించుకున్నాను. చదివితే ఆమె క్షమించదు, క్షమించకూడదు కూడా. కానీ ఆరేళ్లలో నేను నిజంగా గీసిన గీత ఇదొక్కటే.