సావధాన్‌లో నిలబడ్డ గొర్రె

ఉదయం ఆరూ పదికి మా బండి నారాయణపేట దాటింది. ఇరవై రెండు కిలోమీటర్ల తర్వాత తారు రోడ్డు అయిపోయింది. ఎర్ర నేల, బండరాళ్లు, తుమ్మ చెట్లు, ఎడమవైపు ఒక కుంట. రాత్రి వాన పడింది. గాలి చల్లగా ఉంది.

అది పశువైద్యం చేసే సంచార వాహనం. మేం ముగ్గురం: డాక్టరమ్మ, డ్రైవరు, నేను. సామాను: మందు డబ్బాలు పన్నెండు, తాగించే పిచికారీలు రెండు, మందు తాగిన గొర్రెకు గుర్తు పెట్టే రంగు, ఒక రిజిస్టరు. ఆదేశం: నలభై రోజుల్లో పద్దెనిమిది ఊళ్ల గొర్రెలన్నిటికీ కడుపులో పురుగుల మందు పట్టించాలి. గొర్రె కడుపులో పురుగుల్ని ఇక్కడ నట్టలు అంటారు.

నాది నార్కట్‌పల్లి దగ్గర ఊరు. పదిహేడేళ్లు సైన్యంలో, కొండల మీద సరుకు మోసే కంచర గాడిదల్ని చూసుకున్నాను. రిటైరై వచ్చాక ఈ బండిలో సహాయకుడి పని దొరికింది. సైన్యం వదిలినా ఆకుపచ్చ టోపీ వదల్లేదు. ఈ డ్యూటీ గురించి మా ఊళ్లో చాలాసార్లు చెప్పాను. ప్రతిసారీ సగమే చెప్పాను. ఇది మిగతా సగం.

బండి ఆగగానే డాక్టరమ్మ ముందు మా చేతుల్లో తలా ఒక గోలీ పెట్టింది.

"గొర్రెలకు తర్వాత. కుక్కలను, పేడను ముట్టుకునేటోళ్లం. మొదలు మనం మింగాలె."

"మేడం, నా కడుపుల నట్టలు లెవ్వు," అన్నాడు డ్రైవరు. "ఉన్నా, నా బేగం వండిన బిర్యానీ తిని ఖుషీగ ఉంటయి. వాటినెందుకు పరేషాన్ చేసుడు?"

"మింగు భాయ్."

మింగాడు. నేనూ మింగాను. డాక్టరమ్మను పక్క ఊరి శిబిరంలో దింపి మేమిద్దరం వెనక్కి వచ్చాం.

మొదటి మంద కాపరి బీరయ్యది. అరవై ఏళ్లుంటాయి. భుజాన గొంగడి, చేతిలో కర్ర. సొంత గొర్రెలు ఇరవై. నాలుగిళ్ల వాళ్లు నమ్మి అప్పగించినవి నూట పది. ఆ నమ్మకమే అతని బతుకు.

కంచర గాడిదకు మందు పోయాలంటే తల బాగా పైకెత్తాలి. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. మొదటి గొర్రె గదవ పట్టి, ముక్కు ఆకాశం వైపు లేపి, పిచికారీ నొక్కాను.

"ఓ మిల్ట్రి సారూ, తల గంత లేపకు," అన్నాడు బీరయ్య. "పొలమారి ఊపిరి దిక్కు పోతది."

"కంచర గాడిదలకు పోసిన చెయ్యి ఇది."

"గాడిదకు పోసినవేమో. ఇది గొర్రె."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు రోషం వచ్చింది. "సావధాన్" అని పరేడులో లాగా గట్టిగా అరిచి రెండో గొర్రె తల ఇంకా పైకి లేపాను. జనం మళ్లీ నవ్వారు, ఈసారి నాతో. ఆ తర్వాత ప్రతి గొర్రెకూ సావధాన్ చెప్పాను. నూట ముప్ఫై గొర్రెలు, గంటా నలభై నిమిషాలు. ఆ రికార్డు గురించి మా ఊళ్లో అందరికీ తెలుసు.

మూడో రోజుకు అయిదు గొర్రెలు చచ్చిపోయాయి. మేం వెళ్లేసరికి పూడ్చేశారు. డాక్టరమ్మ ఫోన్లో అడిగింది.

"చచ్చేముందు దగ్గినయా?"

"లేదు మేడం."

దగ్గాయని బీరయ్య అప్పుడే చెప్పాడు. నా పక్కనే నిలబడి ఉన్నాడు.

"మరి ఏమైంది?"

"కుంట అంచున మేపినట్టుండు. నత్తలున్నయి. కార్జంల జలగలు పడ్డయేమో."

నమ్మదగిన మాటే. నీటి అంచున నత్తల్లో పెరిగే ఆ జలగ పురుగు, గడ్డితో పాటు గొర్రె కడుపులోకి, అక్కణ్నుంచి కార్జంలోకి, అంటే కాలేయంలోకి, చేరుతుంది. వానాకాలంలో అక్కడికి మంద తోలకూడదని ప్రతి కాపరికీ తెలుసు. కాపరిని ఆ మాట అనడం, కాపలా సిపాయిని నిద్రపోయావని అనడమే.

"నలభై ఏండ్ల సంది మేపుతున్న," అన్నాడు బీరయ్య. "కుంట అంచుకు ఒక్కనాడు తోలలే."

నా తల మీద టోపీ ఉంది. చుట్టూ చేరిన జనం నన్నే నమ్మారు. సాయంత్రానికి మూడిళ్ల వాళ్లు తమ గొర్రెల్ని తోలుకుపోయారు.

మూడు వారాలకు రెండో విడత మందు. బీరయ్య దగ్గర మిగిలినవి నలభై.

"ఈసారి నేను వట్టుకుంట. నువ్వు పొయ్యి," అన్నాడు. గదవ కింద రెండు వేళ్లు పెట్టాడు, అంతే. ముక్కు కంటికి సమానంగా ఉంది. "ఇగ పొయ్యి. ఆగు, మింగనియ్యి. తొందరేంది, బస్సు వోతాందా?"

ఒక్క గొర్రె కూడా దగ్గలేదు.

తిరుగు దారిలో డాక్టరమ్మనూ ఎక్కించుకున్నాం. బండిలో డ్రైవరు అడిగాడు. "ఫౌజీ సాబ్, కొత్తగ నేర్చినవా?"

"నేర్చిన."

"మరి గా అయిదు?"

రెండు కిలోమీటర్లు పోయాక బండి ఆపమన్నాను. ముందు సీట్లో ఉన్న డాక్టరమ్మకు అంతా చెప్పాను. ఆమె రిజిస్టరు తీసి ఆ అయిదు గొర్రెల పేజీ తెరిచింది.

"రిజిస్టర్ల నేను దిద్దుత. ఊర్ల నువ్వే దిద్దాలె."

మర్నాడు ఉదయం ఆరింటికి పాల కేంద్రం దగ్గర నిలబడ్డాను. ఊరంతా క్యాన్లతో వచ్చే చోటు అదే. బీరయ్య కూడా ఉన్నాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాను.

"బీరయ్య తప్పు లేదు. మందు తప్పుగ పోసింది నేను. గొర్రెలు నా చేతులనే పోయినయి. అబద్ధం చెప్పింది గూడ నేనే."

పాలు కొలిచే అతని చెయ్యి ఆగింది. వరసలో ముందున్న ఒక అవ్వ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"గొర్రెలకు గూడ పరేడు వెట్టిచ్చినవా బిడ్డా?"

అందరూ ఒక్కసారి నవ్వారు. చివర్న బీరయ్య కూడా నవ్వాడు.

"నిజం జెప్పనీకి మిల్ట్రీల మూడు వారాలు వడ్తదా సారూ?" అన్నాడు.

ఆ సాయంత్రం రెండిళ్ల గొర్రెలు తిరిగి వచ్చాయి. మూడో ఇంటివాళ్లు అప్పటికే వేరే కాపరికి మాట ఇచ్చేశారు. ఆ ముప్ఫై మళ్లీ బీరయ్య మందలోకి రాలేదు.

నలభయ్యో రోజు ఉదయం, వెళ్లొస్తానని చెప్పడానికి మంద దగ్గరికి పోయాను. టోపీ అలవాటుగా తలమీదే ఉంది. తెల్ల మూతి గొర్రె ఒకటి మేత ఆపి నన్ను చూసింది. కదలకుండా నిలబడి, తల ఆకాశానికి ఎత్తి, నోరు గట్టిగా మూసుకుంది.

"విశ్రామ్ అను సారూ," అన్నాడు బీరయ్య నవ్వుతూ. "లేకుంటె పొద్దూకేదాక గట్లనే నిలవడ్తది."

"విశ్రామ్" అన్నాను. తల దించలేదు. టోపీ తీసి వెనక దాచాను. అప్పుడు గడ్డికి వంగింది.

సాయంత్రం నాలుగింటికి నార్కట్‌పల్లిలో బస్సు దిగాను. ఇంట్లో అడుగు పెట్టగానే మా ఆవిడ నా తల వైపు చూసింది.

"టోపీ ఏది?"

"సంచిల ఉంది."

ఇప్పటికీ సంచిలోనే ఉంది. ఎప్పుడైనా తీసి దుమ్ము దులుపుతాను. పెట్టుకోబోయేసరికి, ఎర్ర నేల మీద ఆ తెల్ల మూతి పైకి లేస్తుంది.